గొలుసు, గుంట, గుమాస్తా: థామస్ మన్రో భూసర్వేపై కనిగిరి సీమ నుండి ఒక పరిశీలన

కాటమరాజు కథాచక్రానికి బీజం పుల్లరి తగాదా. కరవుకాలంలో ఆవులమందలను మేపుకోవడానికి నెల్లూరు ప్రభువు నల్లసిద్ధితో యాదవులు ఒక ఒడంబడిక చేసుకొంటారు. మేతకు బదులుగా పుట్టిన కోడెదూడలను ఇవ్వాలన్నది షరతు. ఆ షరతు చెడిపోయి, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు యుద్ధానికి దారితీస్తుంది. తంగిరాల వెంకటసుబ్బారావుగారు సేకరించి పరిష్కరించిన కాటమరాజు కథలను వీరగాథలుగా, యాదవ సంస్కృతికి ఆకరాలుగా మన విభాగాల్లో చాలాకాలంగా చదువుతున్నాం. వాటిని పన్ను కథగా చదివినవారు తక్కువ. కథలో నేలకు హద్దులున్నాయి, కొలత లేదు. వాగు, కొండ, బీడు తెలిస్తే చాలు. ప్రభువు అడిగేది నేల పుట్టించినదానిలో వాటాయే గాని, నేల విస్తీర్ణానికి కట్టిన వెల కాదు. విస్తీర్ణం ఎంతన్న ప్రశ్న ఇరుపక్షాలలో ఎవరికీ తోచదు.

ఆ ప్రశ్న ఎప్పుడు తోచింది, ఎవరికి తోచింది, తోచిన తరువాత తెలుగు మాటకు ఏమైంది అన్నది ఈ వ్యాసం పట్టించుకొనే విషయం. దీనికి కేంద్రవ్యక్తి సర్ థామస్ మన్రో (1761–1827). కనిగిరి నుండి ఆయనను చూడటానికి నేను ఆ ప్రాంతంవాణ్ణి కావడం ఒక కారణమే అయినా, అసలు కారణం భౌగోళికం. కనిగిరికి పడమట వెలిగొండలు దాటితే కంభం, దూపాడు సీమలు. 1800లో నైజాము కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల తూర్పు అంచు అది. మన్రో కలెక్టరుగా పాలించిన నేల. ఉత్తరాన పొదిలి, దర్శి వెంకటగిరి జమీందారీ కింది తాలూకాలు. కనిగిరి మాత్రం నెల్లూరు జిల్లాలో రైత్వారీ తాలూకా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడు సీమలూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు ఒకటిన్నర శతాబ్దం పాటు వాటిని విడదీసింది భాష కాదు, పంట కాదు, కులం కాదు. శిస్తు ఎవరికి కట్టాలి, ఏ కొలత మీద కట్టాలి అన్న తేడా మాత్రమే. పొదిలి రైతు జమీందారుకు కట్టాడు; కనిగిరి రైతు సర్కారుకు కట్టాడు. పొదిలివంటి చోట్ల రైత్వారీ పద్ధతి రావడానికి 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఆగవలసివచ్చింది.

మన్రో జీవితాన్ని ఇక్కడ విస్తరించి చెప్పవలసిన పని లేదు. గ్లాస్గో వర్తకుని కొడుకు. 1780 జనవరిలో పదాతిదళ కేడెట్‌గా మద్రాసు చేరాడు. 1792 నుండి 1799 వరకు బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద రెవెన్యూ పని నేర్చుకొన్నాడు. కొద్దికాలం కెనరాలో పనిచేశాక 1800లో దత్తమండలాల ప్రధాన కలెక్టరై 1807 దాకా ఉన్నాడు. భూమి కొలత ఆయనకు చదువు వల్ల అబ్బినది కాదు, కొలువు వల్ల అబ్బినది. త్రికోణమితితో దేశపటం గీసిన లాంబ్టన్, మెకంజీల కోవకు చెందినవాడు కాడు. వారికి కావలసింది కొండశిఖరాల నడుమ దూరం. మన్రోకు కావలసింది ఈ చేను ఎంత, అది ఏ తరగతిది, దాని మీద ఎంత శిస్తు నిలుస్తుంది అన్న లెక్క. సర్వే అనే మాటను ఈ రెండు పనులకూ వాడటం వల్ల మన చరిత్రరచనలో కొంత గందరగోళం ఉంది.

దత్తమండలాల సర్వే 1802 జూన్‌లో మొదలైంది. అప్పటికి ఆ విశాలప్రాంతం మొత్తంలో నేల కొలవడం తెలిసినవారు తన కచ్చేరిలోని నలుగురు గుమాస్తాలేనని మన్రో స్వయంగా నివేదించాడు. ఆ నలుగురు స్థానికులకు పని నేర్పారు. ఏడాది తిరగకముందే కొలతగాళ్ల సంఖ్య 50కి, మరుసటి ఏడు 100కు చేరింది. మొదట ఆరుగురిని, తరువాత పదిమందిని ఒక జట్టుగా చేసి, ప్రతి జట్టు మీద ఒక తనిఖీదారును నియమించారు. కొలతగాళ్లకు కొలిచిన ఎకరాల లెక్కన కూలి. తనిఖీదారుకు మాత్రం నెలజీతం, ఎందుకంటే తొందరపడితే తనిఖీ పాడవుతుంది. కొలతగాళ్ల వెనుకనే తరగతులు కట్టేవారు బయలుదేరేవారు. పొలాలు, బాటలు, ఊరి స్థలాలు, చెరువుగర్భాలు, వాగులు, బంజర్లు అన్నీ కొలతకు ఎక్కాయి. పెద్ద కొండలను, రాతినేలలను వదిలేశారు. 1805 నాటికి కొలత, 1806 నాటికి తరగతుల నిర్ణయం ముగిశాయి.

కొలతకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. దాని చదరం 1089 చదరపుటడుగులు; అటువంటివి 40 కలిస్తే ఒక ఎకరం, అంటే 43,560 చదరపుటడుగులు. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ 17వ శతాబ్దిలో ప్రచారంలోకి తెచ్చిన 66 అడుగుల గొలుసుకు ఇది సరిగ్గా సగం. ఎకరంలో 40వ వంతును మనం నేటికీ గుంట అంటున్నాం. గుంటర్ పేరుకూ గుంటకూ ఉన్న శబ్దసామ్యం చూసి ఉత్సాహపడే వ్యుత్పత్తికారులు ఉండవచ్చు గాని, గుంట తెలుగు, కన్నడ దేశాల్లో అంతకు ముందునుంచే ఉన్న మాట. ఇంగ్లీషు ఎకరాన్ని తెలుగు గుంటలోకి విడగొట్టగలగడం ఈ గొలుసు సాధించిన సౌలభ్యం. కొత్త కొలత పాత మాటను తొలగించలేదు. పాత మాటలో కొత్త విలువను నింపింది. పరిపాలనలోని తెలుగులో ఇది పదేపదే కనిపించే పద్ధతి. మాట నిలుస్తుంది, అర్థం చేతులు మారుతుంది.

పాత అర్థం ఎటువంటిది? కాకతీయుల నాటి శాసనాల్లో కేసరిపాటి గడ వంటి కొలకర్రలు కనిపిస్తాయి. మర్తురు, ఖండుగ, పుట్టి, తూము, కుచ్చెల ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరుగా వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలావరకు ధాన్యపు కొలతలే నేల కొలతలుగా మారినవి. పుట్టెడు చేను అంటే పుట్టెడు విత్తనం పట్టే చేను. నెల్లూరు సీమ మెట్టల్లో గొర్రు లెక్క ఉండేది. విత్తే పనిముట్టే కొలమానం కావడం అందులో విశేషం. మా తాతగారు తన చేనును ఎకరాల్లో చెప్పగా నేను విన్నది బ్యాంకుకు వెళ్లినప్పుడే. ఇంట్లో మాత్రం ఏ చేనికి ఎంత విత్తనం పడుతుందో, ఎన్నాళ్ల దుక్కో చెప్పేవారు. ఈ లెక్కలో రాతినేల ఎకరమూ రేగడి ఎకరమూ ఒకటి కావు. నేల గుణమూ విస్తీర్ణమూ ఒకే మాటలో ఇమిడి ఉంటాయి. 33 అడుగుల గొలుసు ఆ రెండింటినీ విడదీసింది. విస్తీర్ణాన్ని గొలుసు చెప్పింది. గుణాన్ని చెప్పడానికి తరగతులు అవసరమయ్యాయి. మాగాణి, మెట్ట, తోట అన్న విభజన, వాటిలో మళ్లీ తరగతులు ఆ అవసరం నుండే వచ్చాయి. తరగతులు కట్టడంలో రెడ్లనూ కరణాలనూ రైతులనూ అడగక తప్పలేదు. గొలుసు ఎవరి చేతిలోనైనా ఒకటే. ఈ నేల ఎలాంటిది అన్నదానికి జవాబు ఊరినుంచే రావాలి.

కరణాన్ని మన్రో నమ్మలేదు. దొంగలెక్కల గురించిన ఫిర్యాదులు ఆయన రాతల్లో తరచు కనిపిస్తాయి. సుమతి శతకంలో కరణాన్ని గూర్చిన పద్యాలు ఒకటికి మించి ఉండటం తెలిసినవారికి ఈ అపనమ్మకం కొత్త కాదు. అయితే కరణం అబద్ధాన్ని కూడా తెలుగులోనే రాశాడు. దానిని పట్టుకొన్న గుమాస్తా కూడా తెలుగులోనే చదివి పట్టుకొన్నాడు. మన్రో నివేదికల్లోని ఇంగ్లీషు అంకెలకు ముందుదశ అంతా దేశభాషల కాగితమే. 1812లో బ్రిటిషు పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదవ నివేదిక దత్తమండలాల సర్వేను ప్రశంసిస్తూ వివరించినప్పుడు ఆ కాగితం కనుమరుగై, మన్రో ఒక్కడే మిగిలాడు.

సర్వేయరు రాజకీయవేత్త అయింది ఈ ఘట్టంలోనే. సర్వే శిస్తును నిర్ణయించిన తీరులో ఒక లోపం ఉంది. పొలం నుండి పైకి లెక్క కట్టుకొంటూ పోలేదు. సీమ మొత్తానికి ఇంత అని ముందు అనుకొని, దానిని ఊళ్లకు, ఊరినుండి పొలాలకు పంచారు. మన్రో కాలంలో దత్తమండలాల రాబడి దాదాపు సగం మేర పెరిగింది. అందుకు తోడ్పడింది సర్వే ఒక్కటే కాదు, సైన్యం కూడా. 80 మంది పాళెగాళ్లను అణచివేసిన తీరు మీద డైరెక్టర్లే అభ్యంతరం చెప్పారు. ఆదోని సీమలో తెర్నేకల్లు గ్రామం 1801లో పన్నుకు ఎదురుతిరిగితే ఫిరంగులు వెళ్లాయి. డేరాల్లో తిరుగుతూ రైతుల మొర విన్న తండ్రివంటి కలెక్టరు అన్న జీవితచరిత్రల చిత్రం పక్కన ఈ సంగతినీ ఉంచి చూడాలి.

అయినా, తాను కట్టిన శిస్తు మోయలేనిదని చెప్పినవాడు కూడా మన్రోయే. భారతదేశం విడిచి వెళ్లబోయే ముందు, 1807 ఆగస్టులో, సర్వే శిస్తును అన్ని నేలల మీద నూటికి 25 వంతులు, రైతు సొంత ఖర్చుతో నీళ్లు తోడుకొనే బావుల కింద మరో 8 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. పంటలో సర్కారు వాటా దాదాపు 45 వంతులుందని, మూడోవంతుకు దిగితే తప్ప నేలకు అమ్ముడు విలువ రాదని ఆయన లెక్క. ప్రభుత్వం ఒప్పుకోలేదు. రైత్వారీనే పక్కనబెట్టి, మొదట మూడేళ్లకు, తరువాత పదేళ్లకు ఊళ్లను గుత్తకు ఇచ్చింది. కొలత మిగిలింది, కొలిచినవాడు అడిగిన తగ్గింపు మిగలలేదు. గుత్తదారులు కొందరు దివాలా తీశారు. రైతులు మరింత దిగజారారు.

తరువాతి పదమూడేళ్ల మన్రో జీవితం ఆ తగ్గింపును అధికారం ద్వారా తిరిగి రాబట్టిన కథ అని నా అభిప్రాయం. 1813లో కంపెనీ సనదు పునరుద్ధరణ సందర్భంలో కామన్స్ సభ ముందు సాక్ష్యమిచ్చాడు. 1814లో న్యాయవ్యవస్థ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడై తిరిగివచ్చాడు. 1816 నాటి నిబంధనలు గ్రామమునసబులకు, పంచాయతులకు చోటిచ్చాయి. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు. ఆ తరువాత జమీందారీ కాని ప్రాంతాలకు రైత్వారీ సాధారణ విధానమైంది. దత్తమండలాలకు 25 వంతుల తగ్గింపు అమలైంది. కలెక్టరుగా అడిగి పొందలేనిదాన్ని గవర్నరుగా ఇచ్చుకొన్నాడు. ఈ రెండు తేదీల నడుమ శిస్తు కట్టిన రైతుల తరం ఒకటి ఉంది. వారి గొంతు ఐదవ నివేదికలో లేదు.

గవర్నరు మన్రో చేయించిన మరో లెక్క సాహిత్యవిద్యార్థులకు ఇంకా దగ్గరిది. 1822 జూన్ 25న ఆయన జిల్లాల్లోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. పొలాలను లెక్కించినట్టే బడులను, విద్యార్థులను, కులాలను, పుస్తకాలను పట్టీల్లోకి ఎక్కించిన సర్వే అది. 1826 మార్చి నాటి మినిట్‌లో మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులని తేల్చాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో పంపిన జవాబు వీటిలో ప్రసిద్ధం. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు. పట్టీ పంపి ఊరుకోక, పిల్లలు వల్లెవేసే పద్యాల భాష వారు మాట్లాడే భాషకు ఎంతో దూరమైనదని, అర్థం తెలియకుండానే చదువుతున్నారని కాంబెల్ రాశాడు. ఆయన అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు కనుక ఈ మాట ఒక పాలకుడి తేలికమాట కాదు. గ్రాంథిక వ్యావహారిక వాదానికి సుమారు తొమ్మిది దశాబ్దాల ముందు, ఒక లెక్కల పట్టీకి జతచేసిన లేఖలో, ఆ వాదపు మూలప్రశ్న అధికారికంగా నమోదైంది. వాదచరిత్ర రాసేవారు గిడుగువారితోనో గురజాడతోనో కాక ఇక్కడ మొదలుపెట్టడం సమంజసం.

సి.పి. బ్రౌన్ విషయం ఎక్కువమందికి తెలిసినదే. 1820లో కళాశాల వదిలి కడపకు వెళ్లే ముందు విన్న మన్రో ప్రసంగం తనను దేశభాష వైపు తిప్పిందని ఆయన చెప్పుకొన్నాడు. ఈ సంబంధాన్ని మనం సాధారణంగా వేమన పద్యాల దాకా తీసుకువెళ్లి ఆపుతాం. దానికన్నా సూటి సంబంధం మరొకటి ఉంది. 1852 నాటి జిల్లా నిఘంటువు, 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు కచ్చేరి పదాల కోసమే పుట్టాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ, పారసీ పదాలు కలగలిసిన ఆ భాషను పండితులు మ్లేచ్ఛమిశ్రమని తోసిపుచ్చారు. అడంగలు, చిట్టా, జమాబంది, కిస్తీ, బంజరు, పైమాయిషీ, పోరంబోకు తెలియకుండా తెలుగు రైతుకు తన చేను తనదని రుజువు చేసుకొనే దారి లేదు. సాహిత్యనిఘంటువు వదిలేసిన మాటలను బ్రౌన్ ఏరి దాచడానికి కారణం, ఆయన కూడా కచ్చేరిలో కూర్చున్నవాడు కావడమే.

జనం మాత్రం మన్రోను వేరుగా జ్ఞాపకం పెట్టుకొన్నారు. మంత్రాలయం భూములను సర్కారుపరం చేయడానికి వచ్చిన మన్రోతో బృందావనం నుండి రాఘవేంద్రస్వామి మాట్లాడారని, ఆ మాట ఆయన ఒక్కడికే వినబడిందని, మాన్యం నిలిచిందని ఐతిహ్యం. పాపఘ్ని ఒడ్డున గండిలో కొండల నడుమ కట్టిన బంగారు తోరణం ఆయనకు కనిపించిందని, అది కనిపించినవారు ఎక్కువకాలం బతకరని మరొకటి. ఆయన 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో మరణించాడు. ఈ రెండు కథల్లోనూ మన్రో కొలిచేవాడు కాదు, చూసేవాడూ వినేవాడూ. మొదటి కథలో దొర మాన్యం ఇవ్వలేదు; తీసుకోబోయి ఆగాడు. ఇనాముల విచారణ ఎంత భయపెట్టి ఉంటే ఆగడమే మహిమగా మిగిలిందో ఆలోచించాలి. కనిగిరి సీమలో ఇటువంటి మన్రో కథ ఏదీ నా చెవిన పడలేదు. వెలిగొండ ఆ కథలకు కూడా హద్దు అయినట్టుంది.

ఇక ఆ నలుగురు గుమాస్తాలు. మన్రో సర్వే ముగిసిన కొద్దికాలానికే, 1809లో, మెకంజీ పర్యవేక్షణలో దత్తమండలాల పటసర్వే మొదలైంది. మెకంజీ సహాయకులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల పేర్లు మనకు తెలుసు. రామస్వామి దక్కను కవుల చరిత్ర రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించాడు. లక్ష్మయ్య ఆ సేకరణను కొనసాగిస్తానని ముందుకు వస్తే కలకత్తా పండితసంఘం ఒక భారతీయుని చేతికి అంత పని అప్పగించడానికి అంగీకరించలేదన్నదీ తెలుసు. తిరస్కరించబడటానికైనా పేరు కావాలి. మన్రో గుమాస్తాలకు ఆ పేరే లేదు. దీనికి కారణం మన్రో నిర్దయ అనుకోను. పనుల స్వభావం అటువంటిది. కైఫీయతు ఎవరో ఒకరు చెప్పినది. చెప్పినవాడు, రాసినవాడు అందులో కనబడతారు. సర్వేలెక్కలో కొలిచినవాడు కనబడితే అది లోపం. ఎవరు కొలిచినా ఒకే అంకె రావాలి. కైఫీయతుకు ఆకరమైన దండకవిలె, సర్వేకు ఆకరమైన ఊరిలెక్క ఒకే కరణం ఇంటి అటకమీదివి. ఒకదాన్ని సాహిత్యచరిత్రకారులు పంచుకొన్నారు, రెండవదాన్ని ఆర్థికచరిత్రకారులు పంచుకొన్నారు. తెలుగు పరిశోధకులు రెండవదాని జోలికి పోకపోవడం వల్ల, పద్దెనిమిది పంతొమ్మిది శతాబ్దాల వ్యవహార గద్యంలో పెద్దభాగం మన పరిధికి వెలుపల ఉండిపోయింది.

మద్రాసు ప్రభుత్వం 1858లో ప్రత్యేక సర్వే సెటిల్‌మెంటు శాఖను ఏర్పరచిన తరువాత పొలానికి నంబరు స్థిరపడింది. 1984లో కరణీకం రద్దయింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో రీసర్వే మొదలైంది. ప్రతి దశలోనూ కొలత సూక్ష్మమైంది. నంబరుకు ముందు పొలానికి పేరు ఉండేది: మామిడిమాను చేను, తంగేటి కయ్య, గుడిమాన్యం, కొత్తబావి చెలక వంటివి. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో అటువంటి పేర్లు డెబ్బై ఏళ్లు దాటినవారి నోట ఇంకా వినబడతాయి. సర్వే నంబరు అడిగితే వారు కొడుకును పిలుస్తారు. చేని పేరు అడిగితే కొడుకు తండ్రిని పిలుస్తాడు. పాత రికార్డులో కొన్నిచోట్ల నంబరు పక్కనే ఆ పేరు కూడా కనిపిస్తుంది. ఊరు ఊరుగా ఆ పేర్లను నంబర్లతో జతపరిచి రాసుకొనే పని ఈ వ్యాసకర్త కనిగిరి ప్రాంతంలో మొదలుపెట్టాడు. వెలిగొండకు ఆవల కంభం వైపున, మన్రో గొలుసు నిజంగా పడిన ఊళ్లలో, అది ఇంకా జరగవలసి ఉంది.